ముందు గుణకారం, తర్వాతే సగటు



బంగారుపాళ్యం మామిడి యార్డు మీలో చాలామందికి తెలుసు. జూన్, జూలై నెలల్లో ఆ పక్క పోతే తోతాపురి ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఆ వరసలో ఉన్న ఒక రైతు లెక్కతో ఈ మాట మొదలుపెడతాను. లెక్క మామిడికాయలది. నేను చెప్పబోయేది మాత్రం కరెంటు సంగతి. రొంత ఓపిక పట్టండి.

ఆ రైతు మొదటి రోజు 1 టన్ను కాయ తెచ్చినాడు. కిలో 10 రూపాయలు పలికింది. రెండో రోజు 9 టన్నులు తెచ్చినాడు. రేటు పడిపోయింది. కిలో 5 రూపాయలు. ఈ రేట్లు లెక్క సులువుగా ఉండాలని నేను పెట్టుకున్నవి. నిజం రేట్ల మాట ఎత్తుకుంటే ఈ ప్రసంగం ఇంకో దారి పడుతుంది.

ఇంటికి పోతే కొడుకు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. డిగ్రీ చదివే పిల్లోడు. "పది, ఐదు కలిపితే పదిహేను. అందులో సగం ఏడున్నర. సగటున కిలో ఏడున్నర పడింది నాయనా. పది టన్నులకు 75,000 రావాల" అన్నాడు.

తండ్రి జేబులో ఉన్నవి 55,000.

మిగతా 20,000 ఎక్కడ పోయినట్టు? ఎక్కడా పోలేదు. ఎవరూ తీసుకోలేదు. మొదటి రోజు 1 టన్నుకు 10,000. రెండో రోజు 9 టన్నులకు 45,000. మొత్తం 55,000. సగటున కిలో అయిదున్నర. తండ్రి జేబే కరెక్టు. కొడుకు కాగితం తప్పు.

పిల్లోడికి లెక్కలు రాక కాదు. వరస తప్పినాడు, అంతే. రేటును విడిగా సగటు తీసినాడు. సరుకును విడిగా కూడినాడు. చివర్లో రెండూ గుణించినాడు. అట్లా కాదు చేయాల్సింది. ఏ రోజు రేటును ఆ రోజు సరుకుతో గుణించాలి. ఆ వచ్చిన రూపాయలను కూడాలి. సగటు ఆ తర్వాత.

ముందు గుణకారం. తర్వాతే సగటు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే.

ఇక కరెంటు దగ్గరికి వద్దాం. కరెంటులో మూడు సంగతులుంటాయి. ఓల్టేజీ. ఆంపియర్లు. వాట్లు. ఓల్టేజీని మన మామిడి రేటు అనుకోండి. ఆంపియర్లను సరుకు అనుకోండి. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే రూపాయలే వాట్లు. ఏ క్షణానికి ఆ క్షణం ఓల్టేజీ ఒకటి ఉంటుంది, ఆంపియర్లు ఇన్ని ఉంటాయి. గుణిస్తే ఆ క్షణం పవరు. ఆ క్షణాల పవరునంతా సగటు తీస్తే, దాన్ని సగటు పవరు అంటారు. మీ బిల్లుకు ఎక్కేది అదే. మీ హీటరులో నీళ్లు కాగేది దానివల్లే. మీ బోరు మోటారు నీళ్లు తోడేదీ దానివల్లే.

ఇంటి గోడకు బిగించిన కరెంటు మీటరును చూడండి. పాత మీటర్లలో ఒక అల్యూమినియం చక్రం తిరిగేది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేసవిలో చక్రం గిర్రున తిరుగుతుంటే ఇంటి యజమాని గుండె కూడా తిరిగేది. ఆ చక్రం పక్కన రెండు కాయిళ్లుండేవి. ఒకటి ఓల్టేజీది, రెండోది కరెంటుది. రెండూ కలిసి తోస్తేనే చక్రం తిరుగుతుంది. అంటే ఆ చక్రం ఏ క్షణానికి ఆ క్షణం గుణకారం చేస్తా, తిరుగుతా, కూడుకుంటా పోయేది. లోపల కంప్యూటరు లేదు, చిప్పు లేదు. అయినా వరస తప్పలేదు. డిగ్రీ పిల్లోడు తప్పినాడు గానీ ఆ చక్రం తప్పలేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు చేసేదీ అదే పని. సెకనుకు వేల సార్లు ఓల్టేజీని, కరెంటును పట్టి చూస్తుంది. చూసిన ప్రతిసారీ గుణిస్తుంది. కూడిపెట్టుకుంటుంది.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. మన ఇళ్లకు వచ్చేది ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు ఇటుపోయి అటు వస్తుంది. ముందుకు ఎంత పోతే వెనక్కి అంతే. మరి సగటు తీస్తే సున్నా కదా? సున్నా అయితే బల్బు ఎట్లా వెలుగుతుంది?

మంచి అనుమానం. బంగారుపాళ్యంలో బస్సెక్కండి. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు పోండి. టీ తాగి, అదే బస్సులో తిరిగి రండి. ఎక్కినచోటే దిగినారు. బస్సు కదిలిన దూరం లెక్కేస్తే, పోయింది, వచ్చింది, తీసేస్తే సున్నా. కానీ డ్రైవరును అడగండి, డీజిలు సున్నానా అని. పోయేటప్పుడూ డీజిలు కాలింది. వచ్చేటప్పుడూ కాలింది. దిక్కు మారితే డీజిలు ట్యాంకులోకి తిరిగి రాదు.

కరెంటు వేడి కూడా అంతే. హీటరు తీగలో కరెంటు కుడి నుంచి ఎడమకు పోయినా వేడే, ఎడమ నుంచి కుడికి పోయినా వేడే. అందుకని ఇక్కడ దిక్కును వదిలేసే లెక్క కావాలి. ఆ లెక్క వర్గం. ఒక అంకెను అదే అంకెతో గుణించడం. మైనస్ ఐదును మైనస్ ఐదుతో గుణిస్తే ప్లస్ ఇరవై ఐదు. దిక్కు పోయింది. బలం మిగిలింది.

వర్గం వాడటం దిక్కు పోగొట్టడానికి మాత్రమే కాదు. ప్రకృతే అట్లా నడుస్తుంది. తీగలో ఆంపియర్లు రెండింతలయితే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మూడింతలయితే తొమ్మిదింతలు. ఇంగ్లండులో జేమ్స్ జూల్ అనే ఆయన 1840, 41 ప్రాంతంలో నీళ్లలో తీగ ముంచి, థర్మామీటరు పెట్టి ఈ సంగతి తేల్చినాడు. ఆయనది సారా కాచే కుటుంబమేమీ కాదు గానీ బీరు కాచే కుటుంబం. వేడిని జాగ్రత్తగా కొలవడం ఇంటి వృత్తిలోనే ఉండేదనుకుంటా.

రైతులు దీన్ని రోజూ చూస్తారు. ఎండాకాలంలో ఓల్టేజీ పడిపోతుంది. బోరు మోటారు అదే పని చేయడానికి కరెంటు జాస్తి లాగుతుంది. 7 ఆంపియర్లు లాగాల్సింది 9 లాగింది అనుకోండి. "రెండే కదా పెరిగింది" అనుకుంటాం. ఏడేళ్లు నలభై తొమ్మిది. తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి. వైండింగులో వేడి 49 ఉండాల్సిన చోట 81 అయింది. ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. సాయంత్రానికి మోటారు నుంచి కాలిన వాసన వస్తుంది. మరుసటి రోజు రీవైండింగ్ షాపు. స్టార్టరులో స్క్రూ లూజయితే అక్కడ వైరు నల్లబడేది కూడా ఈ వర్గం లెక్కతోనే.

సరే. ఇప్పుడు అసలు మెలికలోకి దిగుదాం. కాగితం అక్కర్లేదు, చెవితోనే వినండి.

ఒక తీగలో కరెంటు ఆగి ఆగి పోతా ఉంది. సగం సేపు 10 ఆంపియర్లు. సగం సేపు సున్నా. సగటు ఎంత? ఐదు. అందరూ చెప్తారు. అయితే ఆ తీగ 5 ఆంపియర్ల వేడి వేడెక్కుతుందా? వేడెక్కదు. అంతకంటే జాస్తి వేడెక్కుతుంది. ఎంత? వర్గం చేద్దాం. పదిపదులు వంద. అది సగం సేపే కాబట్టి, సగటు యాభై. ఏ అంకెను దానితోనే గుణిస్తే యాభై వస్తుంది? ఏడేళ్లు నలభై తొమ్మిది. అంటే ఏడుకు రొంత పైన. ఆ తీగ 7 ఆంపియర్ల కరెంటు నిలకడగా పోతే ఎంత వేడెక్కుతుందో అంత వేడెక్కుతుంది.

ఇప్పుడు మనం చేసిన పనిని మళ్లీ చెప్తాను. వర్గం చేసినాం. సగటు తీసినాం. వర్గమూలం తీసినాం. దీన్నే ఆర్‌ఎంఎస్ అంటారు. రూట్, మీన్, స్క్వేర్. ఇంగ్లీషులో పేరు వెనకనుంచి ముందుకు ఉంది. పని చేసేటప్పుడు చివరి అక్షరంతో మొదలుపెట్టాలి. ముందు స్క్వేరు, తర్వాత మీను, ఆఖర్న రూటు. ఎగుడుదిగుడుగా పోయే కరెంటును, అంతే వేడినిచ్చే నిలకడ కరెంటుతో పోల్చి చెప్పే అంకె అది.

మన ఇంటి కరెంటు 230 ఓల్టులు అంటాం కదా. అది ఆర్‌ఎంఎస్ అంకె. నిజానికి మీ ప్లగ్గులో ఓల్టేజీ ఒకచోట నిలబడదు. సున్నా నుంచి 325 ఓల్టుల దాకా ఎక్కుతుంది. దిగుతుంది. అటు వైపు మళ్లీ 325 దాకా పోతుంది. దిక్కు వదిలేసి మామూలు సగటు తీస్తే 207 వస్తుంది. అంటే ఒకే ప్లగ్గు, మూడు అంకెలు. శిఖరం 325. మామూలు సగటు 207. ఆర్‌ఎంఎస్ 230. మూడూ నిజమే. బల్బుకు, హీటరుకు పనికొచ్చేది 230. వైరు మీద ప్లాస్టిక్కు తట్టుకోవాల్సింది 325.

ఇక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా మామ ఇంట్లో పాత రకం ఇన్వర్టరు ఉండేది. ఒకరోజు నా చేతిలో కొత్తగా కొన్న చిన్న మల్టీమీటరు ఉంది. కొత్త మీటరు చేతిలో ఉన్నవాడికి ఇంట్లో ప్రతి ప్లగ్గూ పిలుస్తుంది. కరెంటు పోయింది. ఇన్వర్టరు పలికింది. మీటరు పెట్టి చూసినా. 255 చూపించింది. "మామా, ఇది పాడయింది. ఓల్టేజీ జాస్తి పంపిస్తా ఉంది. ఫ్రిజ్జు కాలిపోతుంది, ఆపేయండి" అని తీర్పు చెప్పినా. మామ నా మాట మీద గౌరవంతో ఆపేసినాడు. రెండు రాత్రులు దోమల మధ్య ఉక్కపోతలో పడుకున్నారు ఇంటిల్లిపాది.

మూడో రోజు ఊళ్లో రేడియోలు, టీవీలు బాగుచేసే అతను వచ్చినాడు. తన మీటరు పెట్టినాడు. 230 చూపించింది. నా మీటరు పెట్టినాడు. 255. నవ్వినాడు. "సార్, ఇన్వర్టరు బాగుంది. మీ మీటరూ బాగుంది. మీరు అడిగిన ప్రశ్నే దానికి రాదు" అన్నాడు.

అదెట్లా? చిన్న మీటర్లలో చాలావాటికి వర్గం చేయడం రాదు. అవి మామూలు సగటు మాత్రం తీస్తాయి. తీసి, దాన్ని 1.11తో గుణించి చూపిస్తాయి. ఎందుకంటే లైన్లో వచ్చే నున్నటి అలకు, 207ను 1.11తో గుణిస్తే 230 వస్తుంది. అది ఆ అలకు మాత్రమే కుదిరే లెక్క.

మన యార్డులో దీనికి పోలిక ఉంది. ప్లాస్టిక్ క్రేటు చూసి, తూకం వేయకుండానే, "క్రేటుకు 20 కిలోలు" అని లెక్కేస్తారు. అన్ని క్రేట్లూ ఒకే తీరుగా నింపితే ఆ లెక్క సరిపోతుంది. ఒకడు గుట్టగా పోస్తాడు. ఒకడు సగం నింపుతాడు. అప్పుడు ఆ లెక్క చెడిపోతుంది. నా చిన్న మీటరు క్రేట్లు లెక్కపెట్టే రకం. ఆ ఇన్వర్టరు అల నున్నగా ఉండదు, చదరంగా ఉంటుంది. ఎక్కుతుంది, అట్లే నిలబడుతుంది, ఒక్కసారిగా కింద పడుతుంది. అటువంటి అలకు సగటూ 230, ఆర్‌ఎంఎసూ 230. నా మీటరు అలవాటు కొద్దీ 230ని 1.11తో గుణించింది. 255 అయింది. మా మామకు రెండు రాత్రుల నిద్ర పోయింది.

తూకం వేసే మీటరు మీద "ట్రూ ఆర్‌ఎంఎస్" అని రాసి ఉంటుంది. రొంత ధర జాస్తి. మెకానిక్కులకు, ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు నా మనవి, ఇంకో నెల ఆగైనా సరే, అదే కొనండి.

ఎందుకంటే ఈ రోజుల్లో చాలా వస్తువులు లాగే కరెంటు అల నున్నగా ఉండదు. ఎల్‌ఈడీ బల్బు, సెల్లు ఛార్జరు, టీవీ, కంప్యూటరు ఇవన్నీ కరెంటును నిలకడగా తాగవు. ఓల్టేజీ శిఖరం దగ్గర గుక్క వేసుకుని, మిగతా సేపు నోరు మూసుకుంటాయి. ఇట్లాంటి గుక్కల కరెంటును, వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే పాత రకం క్లాంపు మీటరు తక్కువ చేసి చూపిస్తుంది. మన 10 ఆంపియర్ల ఉదాహరణే తీసుకోండి. ఆ గుక్కలు ఒకసారి ఇటు, ఒకసారి అటు వస్తున్నాయనుకుందాం. నిజం 7. క్రేట్లు లెక్కపెట్టే మీటరు అయిదున్నర అంటుంది. అయిదున్నర చూసి వైరు ఎంచుకుంటే, వైరు ఏడు చూసి వేడెక్కుతుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో మోటార్ల వేగం మార్చే డ్రైవులుంటాయి. అక్కడ పనిచేసే ఎలక్ట్రీషియన్లకు ఈ బాధ బాగా తెలుసు. మీటరు తక్కువే చూపిస్తా ఉంటుంది. కేబులు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అప్పుడు చెయ్యినే నమ్మాలి.

ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరుకూ ఒక హద్దుంది, అది కూడా చెప్పేస్తాను. డీసీ, అంటే ఒకే దిక్కున పోయే కరెంటు, కలిసి ఉన్నప్పుడు మీటరును ఏసీ మీద పెట్టి కొలిస్తే, చాలా మీటర్లు డీసీ భాగాన్ని పక్కన పెట్టేస్తాయి. మన సగం సేపు 10, సగం సేపు సున్నా ఉంది కదా. గుక్కలన్నీ ఒకే దిక్కున పోయే కరెంటైతే, దాన్ని అటువంటి మీటరు 5 అనే చూపిస్తుంది. ఏసీ ప్లస్ డీసీ అని విడిగా ఉంటే అది వాడాలి.

మళ్లీ మన మొదటి మాటకు వద్దాం. ముందు గుణకారం, తర్వాతే సగటు. ఇది మరిచిపోతే ఆర్‌ఎంఎస్ తెలిసినవాళ్లు కూడా బోల్తా పడతారు. ఎట్లాగో చూడండి.

12 ఓల్టుల బ్యాటరీ ఉంది. దాని నుంచి సగం సేపు 10 ఆంపియర్లు, సగం సేపు సున్నా లాగుతున్నాం. బ్యాటరీ ఇచ్చే పవరు ఎంత? కొత్తగా ఆర్‌ఎంఎస్ నేర్చుకున్న పిల్లోడు ఉత్సాహంగా 12ను 7తో గుణిస్తాడు. 84 వాట్లంటాడు. తప్పు. గుణకారం ముందు చేయండి. కరెంటు పోయే సేపు 12 పదులు 120 వాట్లు. ఆగిన సేపు సున్నా. సగటు 60 వాట్లు. అంతే. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో తెలియాలంటే 60 వాట్ల లెక్క. ఆ తీగ ఎంత వేడెక్కుతుందో తెలియాలంటే 7 ఆంపియర్ల లెక్క. ప్రశ్న వేరు, అంకె వేరు. ఎలక్ట్రిక్ స్కూటర్లు, సోలారు కంట్రోలర్లు బాగుచేసేవాళ్లు ఈ రెండింటినీ కలిపేయకూడదు.

ఇంకో చోట కూడా ఇదే తప్పు జరుగుతుంది. ప్లగ్గు దగ్గర ఓల్టేజీ కొలుస్తారు. ఆంపియర్లు కొలుస్తారు. రెండూ ఆర్‌ఎంఎస్సే. గుణిస్తారు. "ఇన్ని వాట్లు" అంటారు. హీటరుకైతే సరిపోతుంది. మోటారుకు, ఎల్‌ఈడీ బల్బుకు సరిపోదు. మోటారులో ఓల్టేజీ ఎక్కేది ఒకప్పుడు, కరెంటు ఎక్కేది రొంత ఆలస్యంగా. బల్బు గుక్కల సంగతి చెప్పే ఉన్నాను. ఏ క్షణానికి ఆ క్షణం గుణించకపోతే లెక్క జాస్తి వస్తుంది. పాడి ఉన్న ఇళ్లల్లో చెప్తే ఇట్టే అర్థమవుతుంది. పితికిన పాలు బకెట్టు అంచు దాకా ఉన్నట్టు కనపడతాయి. నురుగు దిగితే బకెట్టు ముప్పాతిక. పాల కేంద్రంలో డబ్బులిచ్చేది పాలకు, నురుగుకు కాదు. కానీ నురుగు కోసం కూడా బకెట్టు పెద్దదే తెచ్చుకోవాలి కదా. వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఆ బకెట్టు లాంటివి. పాలు ఎన్నో చెప్పేది వాట్‌మీటరు. దాని లోపల జరిగేది మన మాటే. ముందు గుణకారం.

ఇప్పుడు స్పీకరు సెట్ల దగ్గరికి పోదాం. ఇక్కడ నాకు రొంత కోపం కూడా ఉంది.

చిన్న స్పీకరు సెట్టు కొంటాం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "3000 వాట్లు పీఎంపీఓ" అని ఉంటుంది. వెనక్కి తిప్పండి. కరెంటు వైరు వచ్చే చోట చిన్న అక్షరాలుంటాయి. "వాడే పవరు 60 వాట్లు" అని. రోజుకు నాలుగు కిలోల మేత తిన్న ఆవు వంద లీటర్ల పాలిస్తుందా? 60 వాట్లు తిన్న సెట్టు 3000 వాట్ల పాట ఎట్లా పాడుతుంది? పీఎంపీఓ అంటే ఒక్క రెప్పపాటులో, ఎక్కడో ఒక శిఖరం దగ్గర ఎంత రావచ్చో, దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కగట్టిన అంకె. దానికి ఒప్పుకున్న కొలత లేదు. నా దృష్టిలో అది అంకె కాదు, అలంకారం. ఈ జబ్బు మన దగ్గర మొదలైంది కాదు. అమెరికాలో ఆంప్లిఫయర్లు అమ్మేవాళ్లు ఇట్లాగే నోటికొచ్చిన వాట్లు చెప్తుంటే, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన పెట్టాల్సి వచ్చింది. నిలకడగా ఇవ్వగలిగే సగటు పవరే చెప్పాలని.

మంచి సెట్ల మీద "ఆర్‌ఎంఎస్ వాట్లు" అని రాస్తారు. పీఎంపీఓతో పోలిస్తే అది నిజాయితీ మాటే. కానీ మాటలో తప్పుంది. ఆర్‌ఎంఎస్ అనేది ఓల్టేజీకి, కరెంటుకు ఉంటుంది. పవరుకు కావాల్సింది సగటే. 8 ఓముల స్పీకరు ఉంది. దానికి 20 ఓల్టుల ఆర్‌ఎంఎస్ ఇచ్చినాం. ఇరవై ఇరవైలు 400. 8తో భాగిస్తే 50 వాట్లు. ఇది సగటు పవరు. శిఖరం దగ్గర 100 వాట్లుంటుంది. ఆర్‌ఎంఎస్ ఓల్టేజీతో కట్టినాం కాబట్టి వచ్చిన వాట్లను కూడా ఆర్‌ఎంఎస్ అనేస్తున్నారు. నిజంగానే ఆ వాట్లను వర్గం చేసి, సగటు తీసి, మూలం తీస్తే 61 వాట్లు వస్తుంది. ఆ 61 ఎందుకూ పనికిరాదు. స్పీకరు కాయిలును వేడి చేసేది 50 వాట్లే. అంగట్లో ఆ మాట మార్చడం మన వల్ల కాదు. మనసులో మాత్రం "ఆర్‌ఎంఎస్ వాట్లంటే సగటు వాట్లు" అని అనువాదం చేసుకోండి.

శిఖరానికి, సగటుకు ఎంత దూరం ఉండొచ్చో చూడాలంటే మన పక్కనే ఒక వింత ఉంది. తిరుపతి పోయేటప్పుడు గాదంకి టోల్‌గేటు దాటే ఉంటారు. ఆ గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ 1990ల తొలినాళ్లలో ఎంఎస్‌టీ రాడార్ కట్టినారు. దాదాపు 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు నేలలో 1,024 యాంటెన్నాలు నాటినారు. దూరం నుంచి చూస్తే టమోటా తోటలో కర్రలు పాతినట్టుంటుంది. అది విమానాలను చూసే రాడార్ కాదు. మన తల మీద పది, ఇరవై కిలోమీటర్ల ఎత్తులో గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంగా వీస్తోందో చూస్తుంది. అంతకంటే చాలా పైన, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో జరిగేవి కూడా పసిగడుతుంది.

మొదట కట్టిన ఆ రాడార్ శిఖర పవరు ఎంతో తెలుసా? 25 లక్షల వాట్లు. మరి అంత పవరు ఎప్పుడూ ఆకాశంలోకి పోతూనే ఉంటుందా? పోదు. మొగిలి కొండల్లో పశువుల కాపరి "ఓయ్" అని కేకేస్తాడు. నోరు మూసుకుని చెవి పెడతాడు. కేక వేస్తానే ఉంటే ప్రతిధ్వని వినపడదు కదా. రాడార్ కూడా అంతే. సెకనులో పది లక్షల వంతును మైక్రోసెకను అంటారు. కొద్ది మైక్రోసెకన్లు కేక. తర్వాత మౌనం. గాలి పొరల నుంచి తిరిగొచ్చే సన్నటి చప్పుడు వినడం. ఆ రాడార్ కేక వేసే సేపు, మొత్తం కాలంలో 100కు రెండున్నర పాళ్లు దాటదు. 25 లక్షల్లో 100కు రెండున్నర పాళ్లు లెక్కేయండి. 62,500 వాట్లు. అదీ సగటు. పొలాల్లోని 5 హెచ్‌పీ మోటార్లు పదహారో పదిహేడో కలిపితే అంత.

25 లక్షలూ అబద్ధం కాదు, 62,500లూ అబద్ధం కాదు. ఇక్కడ పీఎంపీఓ మోసం లేదు. శాస్త్రవేత్తలు రెండు అంకెలూ విడివిడిగా రాసిపెడతారు. తీగల మీద ఇన్సులేషను తట్టుకోవాల్సింది శిఖరాన్ని. ట్రాన్స్‌మిటర్లను చల్లబరచాల్సింది సగటును బట్టి. ఎంత సన్నటి ప్రతిధ్వని వినపడుతుందో తేల్చేది కూడా చాలావరకు సగటే.

ఇప్పుడు మీ ఇంట్లోనే, మీటరు కొనకుండా, సగటు పవరు కొలిచే ఉపాయం ఒకటి చెప్పి ముగిస్తాను. పైసా ఖర్చు లేదు.

మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమంటా ఉంటుంది. దాని దగ్గర ఒక అంకె రాసి ఉంటుంది. చాలా ఇళ్లల్లో అది 3200. అంటే ఆ దీపం 3,200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్టు. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే అది చూసుకోండి. వాచీ పెట్టుకుని ఒక్క నిమిషంలో ఎన్ని మినుకులో లెక్కపెట్టండి. 3200 మీటరయితే, నిమిషానికి ఒక్కో మినుకు సుమారుగా 19 వాట్ల కింద లెక్క. మళ్లీ చెప్తున్నాను. నిమిషంలో వచ్చిన మినుకులను 19తో గుణించండి. వచ్చేవి వాట్లు. 16 మినుకులు వస్తే, మీ ఇంట్లో ఆ నిమిషం సుమారు 300 వాట్లు నడుస్తున్నట్టు. మీటరు మీద 1600 ఉంటే 19కి బదులు 38తో గుణించండి.

ఒక వస్తువు ఎంత తింటుందో తెలియాలంటే, మిగతావన్నీ ఆపి అది ఒక్కటే వేసి లెక్కపెట్టండి. ఫ్యానుకైతే నిమిషంలో వచ్చే మినుకులు మూడో నాలుగో ఉంటాయి, అందుకని ఐదు నిమిషాలు చూసి, ఐదుతో భాగించండి. ఫ్రిజ్జుకు మాత్రం ఒక్క నిమిషం చాలదు. అది కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. నడిచేటప్పుడు 150 వాట్లు తిని, మూడో వంతు సేపే నడిస్తే, సగటు 50 వాట్లు. రోజుకు 1.2 యూనిట్లు. దానికి కనీసం ఒక గంట మీటరు ముందు కూర్చోవాలి, లేదా పిల్లలను కూర్చోబెట్టాలి. సెలవుల్లో పిల్లలకు ఇంతకంటే మంచి పని లేదు. లెక్కలూ వస్తాయి, ఫోనూ పక్కన పడుతుంది.

ఆ దీపం మినుకుమన్న ప్రతిసారీ మీటరు లోపల గుణకారం అయిపోయి ఉంటుంది. మీరు చేయాల్సింది కూడటమే. ఈ రాత్రి అన్నం తిన్నాక ఒక్క నిమిషం మీటరు దగ్గర నిలబడండి. మీ మెయిను స్విచ్చి ముట్టుకోవద్దు, పెట్టె తెరవద్దు, అద్దం బయటనుంచి చూస్తే చాలు. వచ్చిన అంకెను క్యాలెండరు మీద రాసిపెట్టండి.